మీ పేరున్న గుట్ట

మాస్టారూ,

మీరు పోయిన ఇన్నేళ్ళకి, ఈ ఉదయం మీ పేరు చెక్కిన రాయి పెట్టారు. గోదావరి పక్కన, మీరు నిలబడి మన ఊరికి మొదటి ప్లాను గీసిన గుట్ట మీదే. అక్కణ్ణుంచి చూస్తే వీధులన్నీ తిన్నగా ఏటిదాకా కనిపిస్తాయి. మా బజారు వీధి ఒక్కటే వంకర.

ఆ వంకర నా వల్లేనండి. వీధి తిన్నగా వేస్తే మా నాన్న కొట్టు పోతుందని, మీ దగ్గర పనిచేస్తూనే, మీ కొలతలు తప్పని ఆఫీసులో రాసిచ్చాను. మిమ్మల్ని బదిలీ చేశారు. రాసింది నేనని మీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇవాళ మీ అమ్మాయిగారు దండ నా చేతికిచ్చి, "ముందు మీరే వేయండి. కొలతల్లో మీరు ఎప్పుడూ తప్పు చేయరని నాన్నగారు అనేవారండి" అన్నారు.

నిజం నోటిదాకా వచ్చింది. అయినా దండ వేసి, "అలా అనేవారా అండీ?" అని మాత్రం అడిగాను.