కనుబొమ్మ వెంట్రుక

మంగళవారం, వట్లూరు

పొద్దున్న మైక్రోస్కోపులో చూస్తే ల్యాబ్‌లో నేను పెంచే సన్న పురుగులు ఒక్కటీ కదల్లేదు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాని దెబ్బతీసే మందు వాటికి పెట్టాం. కోలుకుంటాయేమోనని నిన్న మందు కడిగేసి వేరే ప్లేట్లలోకి మార్చాం. ఒళ్లు మండిపోయింది నాకు. నెలల చాకిరీ! ఆకివీడు చేపల చెరువు మీద పెరిగినదాన్ని, చచ్చి తేలిన చేపని తీసి పారేయడమే తెలుసు. ప్లేట్లు పట్టుకుని బ్లీచింగ్ బకెట్ దగ్గరికి పోయాను.

"ఆగమ్మా! ముట్టుకుని చూశావా?" అన్నారు మా ల్యాబ్ నడిపే మేడమ్.

"చచ్చినవాటిని ముట్టుకునేదేంటండీ?"

"ఆ ముడిచిన కనుబొమ్మలోంచి ఒక వెంట్రుక ఇవ్వు, చెప్తాను."

పీకితే చురుక్కుమంది. దాన్ని పుల్లకి అంటించి, గాయం కాకుండా దాని కొసతో పురుగు తలని మెల్లిగా తాకారు. వెనక్కి జరిగింది! తర్వాత ఇంకోటి, ఇంకోటి. నేనైతే కేకలు పెట్టేశాను.

ఎక్కువ మందు పెట్టిన ప్లేటులో మాత్రం ఏదీ కదల్లేదు. రేపటికైనా కదులుతాయో లేదో... ముట్టుకోకుండా మాత్రం పారేయను.

రాత్రి ఇంట్లో అన్నం పెడుతూ అమ్మ, "కనుబొమ్మ ఎర్రబడిందేమే?" అంది.

"పురుగుల్ని లేపడానికి వెంట్రుక ఇచ్చానమ్మా."

"నిన్ను లేపలేక రోజూ నా గొంతు పోతోంది. నాకూ ఒకటివ్వవే."