బండ పగిలితే అల ఉండదు

తమ్ముడా ఎల్లయ్యా,

నీ ఒళ్లు ఎలా ఉంది? నీ దగ్గరే ఉన్న అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయన దగ్గు? మీలా పోయినవాళ్లకు రోగాలుండవంటారు, నా మనసే ఊరుకోదు. ఇక్కడ కొండాపూర్‌లో నాకు నిద్ర లేదు.

రజాకార్ల గొడవ సద్దుమణిగాక దారులు తెరిచారు. నా కొడుకు మల్లేశుకు మీ సముద్రం దగ్గరే పని దొరికింది. పెద్ద పడవలు రావడానికి, మీ ఊరి ముందు నీళ్లలో మునిగున్న బండను మందు పెట్టి పేల్చాలట.

రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టి, బెస్తల పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయావు. నేను చూడవచ్చిన నాడు తెప్ప మీద నిలబడి అల మీద జారుతూ వచ్చావు. భయంతో అరిచాను.

"ఫికర్ చెయ్యకక్కా! కింద బండ ఉన్నది. అదే అలను మెల్లగ విరిచి నన్ను ఒడ్డుకు తోలుతది" అని నవ్వావు.

నిన్ను జ్వరం తీసుకుపోయింది గానీ ఆ అల ఏమీ చేయలేదు. బండ పోతే నీ కొడుకు ఒడ్డుకు ఎలా చేరతాడు? నీ గుడిసె నిలుస్తుందా?

"నేను గాకుంటే ఇంకొకడు పేలుస్తడు. నీకెందుకే పరేషాన్?" అన్నాడు మల్లేశు.

"ఇంకొకడు వాని మేనమామ ఇల్లు ముంచుకుంటడారా?" అన్నాను.

మన ఇంట్లో పెద్ద ఆడది ఉలికి పసుపు పెట్టనిదే ఎవరూ కొత్త బండను తాకరు. నేను పెట్టలేదు. వాడు అన్నం ముట్టడం లేదు. ముందు నీ కొడుకు ఆ అల మీద రావడం చూడమని, తర్వాతే పసుపు అడగమని వాడికి చెప్పాను. చూశాక కూడా ఉలి చాపితే ఏం చేయను?

మేం మీ ఊరు చేరిన పొద్దున అలను బాగా రానివ్వు తమ్ముడా. వచ్చే ఏకాదశికి వస్తున్నాం.