పెట్టె ఒవీద్

బయూ పెర్దూ,
మంగళవారం పొద్దున

ఓజీత్ అక్కకి,

కోపంగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. "నాన్నని బండెక్కించి తీసుకురావే, అదేమంత కష్టం" అని రాశావు. హ్యూస్టన్‌లో కూర్చుని రాయడానికేం, కలం ఉంటే చాలు. ఆయన రొయ్యల బుట్ట అయితే ఈపాటికి ఎత్తి బండిలో పడేసేదాన్ని. మనిషి అయిపోయాడు, అదీ మన నాన్న అయిపోయాడు.

తుపాను మెక్సికో గల్ఫులో నిలబడి మావైపే చూస్తోందని రేడియో గొంతు చించుకుంటోంది. మా ఆయన నోరిస్‌నీ, సముద్రంలో చమురు బావి మీద పనిచేసే మిగతావాళ్ళనీ కంపెనీ హెలికాప్టర్లు పంపి మరీ ఒడ్డుకి చేర్చింది. నోరిస్ లాఫయెట్‌లో ఉండి కబురు మీద కబురు పెడుతున్నాడు. అంతటి బావినే వదిలేసి వచ్చాం, మీ నాన్న ఆ రేకుల ఇల్లు వదల్లేడా అని. నన్నడిగితే నేనేం చెప్పను? నాన్న లేకుండా నేను కదలనని నాన్నకి తెలుసు. నేనూ నా కూతురు లీదీ ఇక్కడే ఉన్నామని తెలిసీ ఆయన కదలడు. రెండేళ్ళ పిల్లని చంకనేసుకుని నేను ఈ ముసలాయన చుట్టూ తిరుగుతున్నాను.

ఆయనొక్కడే అయితే ఎలాగో వేగేదాన్ని. కాలువ పొడుగునా ఒక్క గుమ్మం కదల్లేదక్కా. అందరూ కిటికీలకి చెక్కలు కొట్టుకున్నారు. కరెంటు పోతే ఫ్రిజ్‌లో సరుకంతా కుళ్ళిపోతుందని నిన్నటి నుంచీ ఇంటింటా వంటలే వంటలు. రొయ్యలు, బాతులు, ఉడత మాంసం, ఉన్నదంతా గంబో పులుసులో పడేసి ఒకళ్ళకొకళ్ళు గిన్నెలు పంచుకుంటున్నారు. చావు ముంచుకొస్తుంటే పెళ్ళివారి విడిదిలా ఉంది ఊరు. గిన్నె ఇచ్చే వంకతో వచ్చి, బండిలో సామాను ఎక్కించామేమోనని వాకిట్లోకి తొంగిచూసి పోతున్నారు. మేమూ వాళ్ళ వాకిళ్ళు చూస్తున్నాం. వెళ్ళాలని అందరికీ ఉంది. పిల్లి మెడలో గంట కట్టేవాడే లేడు.

ఎందుకు లేడో నీకు తెలీదు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక జరిగిందది. ఇన్నాళ్ళూ రాయలేదు, రాస్తే నువ్వు కూడా నవ్వుతావేమోనని భయం.

ఆ ఏడు కూడా ఇలాగే తుపాను వస్తోందన్నారు. మన తాతగారి తమ్ముడి కుటుంబం మొత్తం నీళ్ళలో పోయిన సంగతి నాన్న ఎప్పుడూ మరిచిపోలేదు కదా. తెల్లారకముందే నన్నూ అమ్మనీ లేపి, గోధుమరంగు పెట్టె పట్టుకుని, వంతెన దాకా నడిపించి బస్సెక్కించాడు. దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, బయల్దేరండర్రా అని బతిమాలాడు. ఆ తుపాను కాస్తా మెక్సికో వైపు తిరిగిపోయింది. ఇక్కడ ఆకు కూడా రాలలేదు. మేం తిరిగొచ్చాక శనివారం డాన్సుకి వెళ్ళాం. గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, పక్కింటి తెలెస్ఫోర్ బాబాయి, నాన్నతో కలిసి వలలు అల్లడం నేర్చుకున్న మనిషి, అకార్డియన్ ఆపించి మరీ అరిచాడు: "అదిగోనర్రా, పెట్టె వచ్చింది!"

హాలంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. అమ్మ ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న తిరిగి చూసింది సరిగ్గా అప్పుడే. ఆ తర్వాత ఆయన మొహంలో నవ్వు మాత్రమే మిగిలింది, మనిషి లేడు. అది నేను చూశాను.

అప్పటినుంచి ఈ కాలువ మీద ఒవీద్ అనేవాడు లేడు. పెట్టె ఉన్నాడు. చర్చి ఫాదరు కూడా అలాగే పిలుస్తాడు. అమ్మ శవపేటిక వెనక నడుస్తుంటే ఎవరో, పాపం పెట్టె భార్య, అన్నారు. నా కూతురు చిన్న పెట్టె. ఇక్కడ పేరు పెట్టారంటే పచ్చబొట్టు పొడిచినట్టే, తోలు ఊడినా పోదు. మరుసటి తుపానుకి ఎవడు ముందు కదిలితే వాడికీ ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. అదీ అందరి భయం. గాలికి భయపడేవాడు ఒక్కడూ లేడు.

నిన్న పోలీసాయన మైకు పట్టుకుని వచ్చాడు. ఉండిపోయేవాళ్ళు చేతిమీద సిరాతో పేరు రాసుకోండి, తర్వాత మాకు గుర్తుపట్టడం తేలికవుతుందన్నాడు. నాన్న కుర్చీలోంచి లేవకుండా అడిగాడు. "ఏ పేరు రాయమంటావు బాబూ? ఒవీద్ అని రాస్తే ఇక్కడ ఎవడూ గుర్తుపట్టడు."

ఆయనకి చెప్పడం కంటే గోడకి చెప్పుకోవడం మేలు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పోస్టు బండి వస్తోంది. అక్కా, నేనొక పని చేయబోతున్నాను. ముందే చెబితే ఒప్పుకోవు. తర్వాత తీరిగ్గా తిట్టు.

నీ చెల్లెలు,
ఎల్మీర్


ఎగువ ఊరు, బడి వ్యాయామశాల,
ఆదివారం

నా రోగిష్టి అక్కకి,

ముందుగా నీ ఆరోగ్యం గురించి. నీకు ప్రాణం మీదికి వచ్చింది. ఏం జబ్బని ఎవరైనా ఉత్తరం రాస్తే కడుపులో అని చెప్పు, పైకి కనపడదు. అటు పక్కింటి అడెల్ పిన్ని నీ పేరిట కొవ్వొత్తి కూడా వెలిగించింది.

ఏం చేయను మరి? ఉత్తరం పోస్టులో పడగానే కంచె దగ్గరికి వెళ్ళి, హ్యూస్టన్ నుంచి కబురొచ్చిందనీ, మా అక్క ఇవాళో రేపో అన్నట్టుందనీ అడెల్ పిన్నితో చెప్పి ఏడ్చాను. ఏడుపు నిజమే, కారణమే వేరు. ఆవిడకి చెప్పాక ఇంకొకరికి చెప్పే పని ఉంటుందా! నాన్న లోపల్నుంచి పరుగున వచ్చాడు.

"ఓజీత్‌కి ఏమైందే?"

లోపలికి తీసుకెళ్ళి నిజం చెప్పాను. "ఏమీ కాలేదు. కానీ నువ్వు చూడ్డానికి వెళ్ళాలి."

ఆయన గుమ్మంలోంచి కంచె వైపు చూశాడు. తర్వాత అడిగాడు. "జబ్బు పెద్దదేనా?"

"పెద్దదే నాన్నా."

"అయితే వెళ్ళాలి."

మంచం కిందికి వంగి ఆ పెట్టె లాగాడు. సర్దడానికి నేను బట్టలు తెస్తుంటే వద్దన్నాడు. అప్పటికే సర్దేసి ఉంది. దాన్ని ఆల్చిప్పల గోనెసంచిలో దూర్చి, మూతి కట్టి, ఎవరూ చూడకుండా బండి వెనక పెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతకాలం సిద్ధంగా ఉన్న మనిషి కోసమా నేను తల బాదుకుంది!

మేం బండి తిప్పామో లేదో, కాలువ మీద అందరికీ ఒక్కసారే పనులు పడ్డాయి. అడెల్ పిన్నికి పంటినొప్పి. ఎదురింటివాళ్ళకి పడవ మోటారు సామాను. ఇంకొకళ్ళకి మేనత్తగారింట్లో బారసాల. పంటి డాక్టరు దగ్గరికి పరుపులూ కోళ్ళూ వేసుకుని వెళ్ళేవాళ్ళని నేను అప్పుడే చూశాను. రోడ్డంతా వరసగా మేమే, ఒకళ్ళనొకళ్ళు చూసుకోనట్టు. సాయంత్రానికి అందరం ఈ వ్యాయామశాలలోనే తేలాం. ఎవరి పంటినొప్పి గురించీ ఎవరూ అడగలేదు.

రాని మనిషి ఒక్కడే, తెలెస్ఫోర్ బాబాయి. ఆయన ఒంటరి మనిషి, పైఊళ్ళలో చుట్టాలు లేరు, సాకు లేదు. పైగా పేర్లు పెట్టినవాడే ఆయన. మిగతావాళ్ళు పారిపోతే నవ్వుతారు, ఆయన పారిపోతే పండగ చేసుకుంటారు. ఆయన ఏడీ అని ఎవరో అన్నారు, అందరూ నేలచూపులు చూశారు.

మర్నాడు పొద్దున గాలి పెరిగాక నాన్న గోనెసంచి విప్పి, పెట్టెలో ఉన్నదంతా దుప్పటి మీద బోర్లించాడు. అమ్మ పెళ్ళి ఫొటో, మన బాప్టిజం కాగితాలు, కొవ్వొత్తులు, ఒక గౌను. ఆ గౌను లీదీకి సరిగ్గా సరిపోయింది అక్కా. కిందటేడు పుట్టినరోజుకి కొన్నవేవీ ఇప్పుడు దానికి పట్టవు. అంటే ఏటా తుపాన్ల కాలం మొదలయ్యేసరికి ఈయన ఎవరికీ తెలియకుండా పెట్టె తీసి, పిల్ల ఎదిగిన కొలతకి కొత్త గౌను పెట్టుకుంటున్నాడన్నమాట. నేను ఆ గౌను పట్టుకుని చూస్తుండగానే ఖాళీ పెట్టె తీసుకుని బండెక్కి వెనక్కి వెళ్ళిపోయాడు. వెనకాల పరుగెత్తాను, తిట్టాను, బండి మీద చెప్పు కూడా విసిరాను. వీళ్ళని కదిలించడానికి ఒక చావు, కదిలాక ఆపడానికి ఇంకో చావు! గుమ్మంలో నిలబడి, రాకపోతే చంపేస్తాను అంటూ నాలో నేనే గొణుక్కున్నాను.

పొద్దుగుంకే వేళకి బండి వచ్చింది. తెలెస్ఫోర్ బాబాయి ముందు సీట్లో, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తడిసి ముద్దయి కూర్చున్నాడు. దిగీ దిగకముందే వ్యాయామశాల అంతా వినపడేలా గోల మొదలుపెట్టాడు. "ఈ పెట్టెగాడు నన్ను బలవంతంగా లాక్కొచ్చాడు. హాయిగా నిద్రపోతున్నవాణ్ణి!"

నాన్న వెళ్ళి కాఫీ తెచ్చుకున్నాడు. అసలు జరిగింది నాకు ఆ తెలెస్ఫోర్ బాబాయే చెప్పాడు, అదీ ఫిర్యాదులా. వంతెన దగ్గర రోడ్డు మీదికి నీళ్ళొచ్చేస్తే నాన్న బండి ఆపి, అప్పట్లో మమ్మల్ని నడిపించిన దారినే తిరిగి నడిచాడట. ఈసారి గోనెసంచి లేదు. పెట్టె చేత్తో పట్టుకుని, చెక్కలు కొట్టిన అన్ని ఇళ్ళ ముందునుంచీ. వెళ్ళి ఆ పెట్టె బాబాయి ముందు పెట్టాడట.

"ఏమన్నాడో తెలుసా మీ నాన్న? 'నీ బట్టలు ఇందులో పెట్టుకో. రేపు తుపాను రాకపోయి ఎవడైనా నవ్వితే, పెట్టెగాడు లాక్కెళ్ళాడని చెప్పు. ఆ పేరు ఎలాగూ నాకుంది కదా, ఇంకొకటి ఎందుకు' అన్నాడు." అంతవరకు చెప్పి బాబాయి కాఫీ ఊదుకున్నాడు. అది ఎప్పుడో చల్లారిపోయింది.

తుపాను ఈసారి తిరగలేదు. మన ఇల్లు దిమ్మెల మీదినుంచి జరిగి చెరుకు తోటలో వాలింది. బాబాయి ఇంటికి మెట్లు మిగిలాయి, మెట్లు మాత్రమే. ఆ సంగతి తెలిసి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాన్న తన దుప్పటి తీసుకెళ్ళి ఆయన పక్కనే పరుచుకున్నాడు.

నీ చెల్లెలు,
ఎల్మీర్


బయూ పెర్దూ,
మళ్ళీ ఆగస్టు

అక్కా,

రెండు ముక్కలే రాస్తాను, తీరిక లేదు. ఇంకో తుపాను వస్తుందట, రాకపోవచ్చునట, రేడియోవాడికే తెలీదు. నాన్న పొద్దున్నే లేచి పెట్టె తెచ్చి, తిరిగి నిలబెట్టిన మన ఇంటి వరండాలో అందరికీ కనపడేలా పెట్టాడు. కాఫీ మరిగేలోపే తెలెస్ఫోర్ బాబాయి వచ్చి దానిమీద కూర్చున్నాడు. ఏరా పెట్టే, పొద్దెక్కినా బండి తీయవా, ఊరందరినీ చంపుతావా అని నాన్నని చెడామడా తిడుతున్నాడు. వీళ్ళతో నేను వేగలేను. ఎదురొడ్డు నుంచి ఎవరో, "పెట్టె బయటికొచ్చిందా?" అని కేకేశారు. లీదీ, "వచ్చింది!" అని అరిచింది. అటు బండ్లు స్టార్టు చేసిన చప్పుడు వినపడుతోంది.

అడెల్ పిన్ని పరుపు కట్టుకుంటూ నీ గురించి అడిగింది. పూర్తిగా నయమైందని చెప్పాను. ఈసారి నువ్వు జబ్బు పడక్కర్లేదు.

తలుపు తాళం వేస్తూ,
ఎల్మీర్