ఇరవై అయిదేళ్ల బామ్మగారు

ఇమాబరి, జనవరి 8

ఉద్యోగుల విభాగం వారికి, నన్నొక్క మాట అడక్కుండా నాకు పదవీ విరమణ ఇచ్చేశారు. కొత్త సంవత్సరం సెలవులయ్యాక సోమవారం పనికొస్తే గేటు దగ్గర నా కార్డుకు ఎర్రదీపం వెలిగింది. వాచ్‌మన్ తెర చూసి, "బామ్మగారూ, మీకు డెబ్బై అయిదు నిండాయంట! ఇంటికెళ్లి కాళ్లు వెచ్చగా పెట్టుకోండి" అన్నాడు. వెనక లైనంతా పగలబడి నవ్వింది. నాకు ఇరవై అయిదు.

నేను నిప్పుల షెడ్డులో ఓడ పలకలు వంచుతాను. బర్నర్‌తో ఉక్కును కాల్చి, గొట్టంతో నీళ్లు కొట్టి, వంపు చేత్తో తడిమి చూస్తాను. ఎవరూ నేర్పలేదు. తుక్కు పలకల మీద పడి నేర్చుకున్నాను. ఈ 24న కొత్త ఓడ ముక్కు పలక వంచే పని మొదటిసారి నాకిచ్చారు. షెడ్డులో మీసాలున్న వాళ్లందరినీ దాటి నా దగ్గరికొచ్చిన పని అది. వదులుకోను. కార్డు బాగుచేయండి.

ఒచి కనాయె

తా.క.: విరమణ కానుకగా మీరు పంపిన మోకాళ్ల తొడుగులు అందాయి. మా ఇల్లుగలావిడ పిల్లి వాటిలో పడుకుంటోంది.

*

అసనగి ఓడల కార్ఖానా, ఉద్యోగుల విభాగం
షోవా 00, జనవరి 10

పూజ్యులు ఒచి కనాయె గారికి నమస్సులు. చలి ముదురుతున్న ఈ రోజుల్లో మీ కీళ్లు కుశలమని తలుస్తాను.

ఈ వయసులోనూ బర్నర్ పట్టుకోవాలన్న మీ తపన చదివి మా విభాగమంతా లేచి నిలబడ్డాం. అయితే డెబ్బై అయిదు నిండినవారిని నిప్పు దగ్గరికి పంపరాదని నిబంధన. ఇరవై అయిదని రాశారు. నిజమే, మనసుకు వయసేమిటి! మా మేనత్త తొంభయ్యో ఏట తనకు సంబంధాలు చూడమంది.

భవదీయుడు,
నొమా కికుజీ

తా.క.: పండక్కి చేసిన జిగట బియ్యపు మోచీ ముద్దలు మిగిలి ఉంటే చిన్న ముక్కలు చేసుకుని తినండి. గొంతుకు అడ్డం పడతాయి. తినేటప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

*

ఇమాబరి, జనవరి 14

నొమా గారూ,

నా కీళ్లకేం రోగం లేదు. మీ కళ్లకుంది. నా జనన పత్రం, మొన్న తీయించుకున్న ఫొటో పంపుతున్నాను. చూసుకోండి.

నిన్న మా ఫోర్‌మన్ సొగాబె ఇంటికొచ్చాడు. "కనా, తిట్టకు. ముక్కు పలకకి నీ జాగాలో వేరే మనిషిని పంపుతున్నారంట" అన్నాడు.

"నా పలక తగలేసే హక్కు వాడికెవడిచ్చాడు?"

"ఆఫీసులో యంత్రం."

ఆ యంత్రాన్ని ఒకసారి బయటికి పంపండి. బర్నర్ నేను తెచ్చుకుంటాను.

ఒచి కనాయె

తా.క.: మోచీలు ఒక్కదాన్నే కూర్చుని వరసగా మూడు మింగాను. బతికే ఉన్నాను.

*

ఉద్యోగుల విభాగం
షోవా 00, జనవరి 17

ప్రాతఃస్మరణీయులు కనాయె గారికి,

ఫొటో అందింది. మీ మనవరాలు చురుకైన పిల్లలా ఉంది. పొరపాటున జనన పత్రం కూడా ఆమెదే పెట్టారు. మీ పేరే పెట్టుకున్నారు, ముచ్చటేసింది.

యంత్రాన్ని మాత్రం ఏమీ అనకండి. దాని లెక్కలన్నీ షోవా చక్రవర్తి ఏలుబడిలో, షోవా 52లో నేను రాసినవి. అప్పుడు నాకు ఇరవై ఏడు. యంత్రంలో చోటంటే ఆ రోజుల్లో బంగారం. అందుకే ఏడాదికి రెండే అంకెలు ఇచ్చాను. తీసివేత గుర్తుకు అసలు చోటే ఇవ్వలేదు. మనిషి వయసు సున్నాకు కిందికి దిగదు కదా! తరవాత చక్రవర్తులు మారారు, ఏళ్ల లెక్కలు మారాయి. నా యంత్రం అన్నిటినీ షోవాలోకి మార్చుకుని నడుస్తూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కరి జీతం తప్పలేదు. ఈ వయసులో కూడా నన్ను పిలిచి కుర్చీ వేశారంటే అందుకే.

భవదీయుడు,
నొమా కికుజీ

తా.క.: ఈ జనవరి నుంచి క్యాంటీన్‌లో నాకు కుర్రాళ్ల కొలతలో అన్నం పెడుతున్నారు. నా నడక చూసి ఎవరో సిఫారసు చేసి ఉంటారు.

*

ఇమాబరి, జనవరి 20

నొమా గారూ,

మీ ఉత్తరాల మీద యంత్రం కొట్టిన తేదీ చూడండి. షోవా సున్నా సున్నా! షోవా మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే ఇది నూరో ఏడు. మూడో అంకెకు చోటులేక ఒకటిని వదిలేసింది. నేను పుట్టింది దాని లెక్కలో డెబ్బై అయిదులో. సున్నాలోంచి డెబ్బై అయిదు తీసేసి, గుర్తు మింగేసి, నన్ను బామ్మను చేసింది. మీరు పుట్టింది ఇరవై అయిదులో. ఇప్పుడు మీ వయసెంతో మీరే వేసుకోండి.

ఇన్నేళ్లు నడిచే లెక్క రాయడం మాటలు కాదు, ఒప్పుకుంటాను. నేను వంచిన పలకలూ సముద్రంలో అంతకాలం నిలవాలి. నిలుస్తాయి. అరచెయ్యి ఆనిస్తే చాలు, ఉక్కు ఎక్కడ మొండికేస్తోందో నాకు తెలుస్తుంది. అది ఏ యంత్రమూ చేయలేదు.

ఈ ఉదయం సొగాబె గేటు బయటికొచ్చాడు. నవ్వు ఆపుకోలేకపోతూ నా చేతిలో కాగితం పెట్టాడు. ముక్కు పలకకు నా జాగాలో యంత్రం ఎంపిక చేసిన ఇరవై అయిదేళ్ల కుర్రాడి పేరు నొమా కికుజీ.

"కుర్రాడి చేతులు ఏపాటివో కనుక్కో. తోలు తొడుగులు తెప్పించాలి" అన్నాడు.

ఒచి కనాయె

తా.క.: నా కార్డుకు పచ్చదీపం వెలగాలి. లేదంటే మీ చేతి కొలత రావాలి. రెంటిలో ఏదో ఒకటి, బుధవారం మధ్యాహ్నం పన్నెండులోగా.