మూడు కిలోల కోటు

బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలు

పిన్నికి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమమే గానీ కాలు ఒకచోట నిలవడం లేదు. నువ్వెలా ఉన్నావు? మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నావా, లేక సీసా అలమరలో అలంకారానికి పెట్టుకున్నావా?

మా ప్రదర్శనకని నువ్వు పంపిన తాతయ్య కోటు అందింది. యుద్ధకాలంలో మన ఊరు ఎలా బతికిందో చూపించే ప్రదర్శనంతా పన్నెండు మడత బోర్డుల్లో సర్దాలి, ఒక్క వ్యాన్‌లో పట్టాలి, గ్రంథాలయాలూ బళ్ళూ తిరగాలి. యుద్ధాన్ని కూడా పరుపుచుట్టలా చుట్టేశావు కదమ్మా అని మా వడ్రంగి వేళాకోళం. నవ్వే ఓపిక లేదు. రేపు పొద్దున్నే వ్యాన్ బయల్దేరాలి, ఆరో బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది.

ఆరోది తాతయ్యది. బాంబులు పడేటప్పుడు వీధి జనం దాక్కునే నేలమాళిగకి ఆయన కాపలాదారు కదా. ఆ మిట్టమధ్యాహ్నం తలుపు తెరుచుకోక బయట ఏడుగురు పోయారు. తాళంచెవి రొట్టెల బట్టీ ఆయనకి ఇచ్చాననీ, ఆయన వేళకి రాలేదనీ తాతయ్య చెప్పాడు. ఊరంతా నమ్మింది. బట్టీ మూతపడింది. బట్టీ ఆయన కూతురు బళ్ళో నీ పక్కన కూర్చునే నేస్తం. ఆ రోజు నుంచి నువ్వు ఆమెతో మాట్లాడలేదు.

మా మడత స్టాండు మూడు కిలోలే మోస్తుంది. అందుకే తగిలించే ప్రతి వస్తువునీ తూకం వేస్తాం. కోటు నూటయాభై గ్రాములు ఎక్కువ తూగింది. జేబులు దులిపినా తగ్గలేదు. గుండీలు కోసేద్దామన్నాడు వడ్రంగి, నీ బుర్ర కోస్తానన్నాను. అంచు తడుముతుంటే లైనింగ్ లోపల గట్టిగా ఏదో తగిలింది. కుట్టు విప్పితే తాళంచెవి! దాని బిళ్ళ మీద ఆ నేలమాళిగ నంబరు చెక్కి ఉంది.

జేబు తిరగేసి చూశాను పిన్నీ. చిరిగిన జేబులోంచి లోపలికి జారి ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి తాతయ్య అరిచినంతసేపూ అది ఆయన ఒంటి మీదే ఉంది. కావాలని అబద్ధమాడలేదేమో, ఇచ్చేశాననే అనుకున్నాడేమో. కానీ బట్టీ ఆయన చచ్చేదాకా ఆ నింద మోశాడు.

బోర్డు మీద పెట్టే మాటలు నిన్నటి నుంచి రాస్తున్నా, చింపుతున్నా. నన్ను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పిన మనిషి పరువు నా చేత్తో తియ్యనా? తియ్యకపోతే ఏడుగురి పేర్ల కింద అబద్ధం అచ్చేసి పిల్లల చేత చదివించినట్టే కదా? మూడుసార్లు టీ పెట్టుకుని మూడుసార్లూ తాగడం మర్చిపోయాను. కక్కలేక మింగలేక చస్తున్నాను. ఈ ఉత్తరం వ్యాన్ డ్రైవర్ చేత పంపుతున్నా. ఏం చెయ్యమంటావో అతనికే ఒక్క మాట చెప్పి పంపు.

ఇట్లు,
నిన్ను చిన్నప్పటి నుంచీ వేపుకు తింటున్న
నీ అక్క కూతురు

తా.క. అడగడం వట్టి నాటకం. ఆరో బోర్డు పొద్దున్నే అచ్చయింది, ఉన్నదున్నట్టు రాశాను. నీ అంతట నువ్వే చెబుతావేమోనని అలా రాశాను గానీ, ఇక దాచలేను. తాళంచెవి వట్టిగా లేదు పిన్నీ. చప్పుడు కాకుండా గుడ్డముక్కలో చుట్టి ఉంది. ఆ గుడ్డ నా పెళ్ళికి నువ్వు కుట్టించుకున్న ఊదారంగు జాకెట్టుది. తాతయ్య పోయి అప్పటికే ఆరేళ్ళు. అంటే నీకు తెలుసు. తెలిసీ మళ్ళీ లోపలే పెట్టి కుట్టేశావు. అది చూశాక చాలా కోపమొచ్చింది అని రాద్దామనుకున్నా, నిజానికి ఏడుపొచ్చింది. పారెయ్యాలనుకుంటే ఎప్పుడో పారేసేదానివి. నాకు పంపావు. నీ నోటితో అనలేనిది నా చేత అనిపించావు, సరే, అన్నాను. కానీ బట్టీ ఆయన కూతురు శుక్రవారం పదింటికి గ్రంథాలయంలో బోర్డులు చూడ్డానికి వస్తోంది. ఆమెకి నేనేమీ చెప్పలేదు, చెప్పను కూడా. ఆ రోజు డ్రైవర్ తొమ్మిదింటికల్లా మీ గుమ్మం ముందుంటాడు. ముందు సీటు నీదే.