ఈప్సిత స్పెల్లింగ్

12 మార్చి 2005

పాప పుట్టి ఆరు రోజులు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టింది. నేను ఇది రాస్తుంటే పక్కన గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది.

పేరు ఈప్సిత. కోరుకున్నది అని అర్థం. నేనే వెతికాను. మా ఆయన నాగబాబు ఇక్కడ, దుబాయ్ దగ్గర, కొండరాయి క్రషర్‌లో స్టోర్ కీపర్. డ్యూటీ దిగి, రాస్ అల్ ఖైమా బజార్లో నెట్ సెంటర్‌కి వెళ్ళి పేర్ల వెబ్‌సైట్ ఏదో చూసొచ్చారు. అందులో ఈ పేరు పదకొండు మందికే ఉందట. మన తెలుగోళ్ళలో ఒక్కళ్ళూ లేరే పద్మా, అని పాపని ఎత్తుకుని గదంతా తిరిగారు. మా కోనసీమలో వీధికో లక్ష్మి, వీధికో దుర్గ. నాకూ ఎవరికీ లేని పేరే కావాలనిపించింది.

15 మార్చి

మా ఆయన రాజమండ్రిలో న్యూమరాలజీ చెప్పేవాళ్ళకి ఫోన్ చేశారు. EEPSITHA అని రాస్తే కూడిక ముప్పైరెండు వస్తుందట. రాజయోగమట. ఒక H ఎక్కువైతే ఏం పోయింది, అలాగే పెట్టండి అన్నాను.

2 ఏప్రిల్

బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. అందులో EBSITA అని ఉంది.

ఫారం కొట్టిన టైపింగ్ సెంటర్ నూర్ మొహమ్మద్‌తో ఆయన గొడవపడి వచ్చారు. అరబీ మే ‘ప’ నహీ హై భాయ్, అందుకే ‘బ’ కొట్టాను, ఇంగ్లీషులోనూ అదే పడింది, కరెక్షన్‌కి పెడదాం అన్నాడట. పోనీ ఈ కాగితంతోనే పాస్‌పోర్టుకి పెట్టేద్దామా అని ఆయన అడిగారు. వద్దన్నాను. మన పిల్ల జీవితాంతం తప్పు పేరుతో తిరగాలా అన్నాను.

19 ఏప్రిల్

పాప రెండు గుక్కలు తాగి ఆగిపోతోంది. ఏసీలో కూడా నుదుటి నిండా చెమట.

4 మే

గుండెలో రంధ్రం ఉందట. పెద్దదేనట. ఈ ఆపరేషన్ తమ దగ్గర చేయరట. ఇండియా తీసుకెళ్ళండి, ఆలస్యం చేయకండి అని ఈజిప్టు డాక్టరు చెప్పాడు. ఆ రెండో మాట రెండుసార్లు చెప్పాడు.

మా అన్నయ్య హైదరాబాద్‌లో ఇరవయ్యో తారీఖుకి బెడ్ మాట్లాడాడు. పాపకి పాస్‌పోర్టు లేదు. ఆయన అడిగిన రోజు నేను సరే అని ఉంటే ఈపాటికి చేతిలో ఉండేది.

7 మే

ఉన్న స్పెల్లింగ్‌తోనే పెట్టేద్దామన్నాను. ఈసారి ఆయన వద్దన్నారు. EBSITA కూడితే పదహారు. పదహారంటే పతనమట. ఆ కాగితం ఇంట్లోకొచ్చిన దగ్గర్నుంచే పిల్ల పాలు మానేసిందట. ఆ నంబరుతో ఆపరేషన్ బల్లెక్కిస్తే పిల్ల లేవదే, నా మాట ఇనవే, అని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. కరెక్షన్ వారంలో వచ్చేస్తుందన్నారు.

పాపంటే ఆయనకి ప్రాణం. నాకు అదే భయంగా ఉంది.

14 మే

రాలేదు.

16 మే

పక్క గది గౌరవ్వది నిజామాబాద్ వైపు. అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. పొద్దున్నే వచ్చి పాపని చూసింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. పిల్ల బత్కితే గద పేరు, నువ్ నడువు, నేనొస్త, అంది. పనిలోకి పోకుండా నాతో బయల్దేరింది. ఆయన డ్యూటీలో ఉన్నారు.

షేరింగ్ ట్యాక్సీలో దుబాయ్ వెళ్ళాం. దారంతా పాప గౌరవ్వ ఒళ్ళోనే ఉంది. ఫారం మీద తండ్రి సంతకం కావాలి. మన ఇండియా కాన్సులేట్ బయట, గోడకి ఫారం ఆనించి, నేనే పెట్టేశాను. కౌంటర్లో డాక్టరు రిపోర్టు చూసి, గురువారం వచ్చి తీసుకెళ్ళమ్మా అన్నారు. పేరు EBSITA అనే రాశాను.

18 మే, ఉదయం

పాపకి జ్వరం, ఎగశ్వాస. న్యుమోనియా అన్నారు. ఐసీయూలో పెట్టారు.

ఆయనకి అంతా చెప్పేశాను. కొట్టలేదు, తిట్టలేదు. నా సంతకం నువ్వెట్టేసేవా, అని ఒక్కటే అడిగారు.

21 మే

గురువారం పాస్‌పోర్టు తేవడానికి ఆయనే దుబాయ్ వెళ్ళారు. రేపు సాయంత్రానికి టిక్కెట్లు దొరికాయి, డాక్టరు ఊఁ అంటే ఎక్కించేద్దాం అని పొద్దున వెళ్తూ చెప్పారు.

పాప పదకొండింటికి పోయింది.

ఆయన రెండింటికి వచ్చారు. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, లోపలికెళ్ళి చూడొచ్చా సిస్టర్ అని నర్సుని అడిగారు. మధ్యలో మూడు గంటలు. నా చేతిలో ఫోనుంది. నేను చేయలేదు.

25 మే

పసిపిల్లకి దహనం ఉండదు కదా, పాతిపెట్టాం. ఊరి బయట, మనలాంటి ముస్లింలు కానివాళ్ళకి ఇచ్చిన స్థలం. ఉత్త ఇసుక. రిజిస్టర్ పట్టుకున్నతను పేరు అడిగాడు. నేను చెప్పాను. అతను ఎలా రాసుకున్నాడో చూడలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది. పదహారే తినేసింది అన్నారు. పదహారు కాదు, మీరు అన్నాను. ఏప్రిల్లో ఒద్దన్నదెవరే అన్నారు.

ఇద్దరం అబద్ధం చెప్పలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. అన్నం వండి మూతపెడుతున్నాను. ఆయన తిని కంచం కడిగి బోర్లిస్తున్నారు.

11 జూన్, మధ్యాహ్నం 3

పై అంతస్తులో ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది. నాకు పాలు చేపుకొచ్చాయి. జాకెట్టు తడిసిపోయింది. ఆ ఏడుపు ఆగేదాకా మెట్ల మీద నిలబడ్డాను.