నా చేతికి సెలవు

జూన్ 3, 1968
తెల్లారేసరికి భావనపాడులో కానుపు. పైడమ్మ కోడలికి మగపిల్లాడు. కేరుమన్నాడు. పైడమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. నాకేమో ఏమీ అనిపించలేదు. సంతోషం లేదు, విసుగు కూడా లేదు. ఇంటికొచ్చి చీర మార్చకుండానే చాప మీద పడ్డాను.

జూన్ 5
ఆస్పత్రిలో సిరంజీలు మరగబెడుతూ కూర్చున్నచోటే నిద్రపోయాను. నీళ్లిగిరి గిన్నె మాడింది. ఆ వాసనకీ మెలకువ రాలేదు. డాక్టరు గారు తిట్టినా బాగుండేది. "సెలవు పెట్టమ్మా. రేపు ఎవరికో ఇంజక్షను తప్పు పడితే?" అన్నారు, మెల్లగా.
విజయనగరం వెళ్తాను, అక్క దగ్గరికి. కొత్త నర్సు వరలక్ష్మి ఉంది కదా... నాకంటే శుభ్రంగా చేస్తుంది.

జూన్ 6
భావనపాడు వెళ్లి, సెలవు మీద వెళ్తున్నానని చెప్పాను. పైడమ్మ కూతురు నూకాలుకి నెలలు నిండాయి. నొప్పులొస్తే వరలక్ష్మిని పిలవమన్నాను. పైడమ్మ ఒప్పుకోలేదు. వరలక్ష్మి చెయ్యి ఎలాంటిదో ఎవరికీ తెలీదట. నాది మంచి హస్తవాసి అట. కొత్త వల వేయడానికి మంచిరోజు చూసే వాళ్లు, కొత్త నర్సుకి ఊరికే తలుపు తీస్తారా.
హస్తవాసి, హస్తవాసి... ఆ చేతికి అన్నం కలుపుకునే ఓపిక లేదని ఎవరితో చెప్పను?

జూన్ 8
వరలక్ష్మిని వెంటబెట్టుకెళ్లాను. అందరూ చూస్తుండగా నూకాలు పొట్ట మీద ఆమె చెయ్యి పెట్టించి, పైన నా చెయ్యి వేసి, నా హస్తవాసి ఈమెకి ఇచ్చేశానన్నాను. వరలక్ష్మి నవ్వాపుకోలేక తల వంచుకుంది. పైడమ్మ నవ్వలేదు.
"తీసి ఇచ్చీడానికి అదేటి, గాజనుకున్నావా నర్సమ్మా? నువ్వొచ్చీదాకా మా పిల్ల ఓర్సుకుంటాది."
కానుపు ఓర్చుకుంటుందా?

జూన్ 9
బట్టలు సర్దాను. తీసేశాను. మళ్లీ సర్దాను.

జూన్ 10, విజయనగరం
మధ్యాహ్నం దాకా నిద్ర. అక్క లేపలేదు. వంకాయ కూర, పెరుగు. ఎన్నాళ్లకో రుచి తెలిసింది. తింటూ తింటూ ఏడ్చాను. ఎందుకని అక్క అడగలేదు, ఇంకొంచెం వడ్డించింది.

జూన్ 12
నూకాలు మొగుడు వచ్చాడు. తొలి బస్సుకి బయల్దేరాడట. నిన్న సాయంత్రం నుంచి నొప్పులు. పైడమ్మ వరలక్ష్మిని గుమ్మం దాటనివ్వలేదు. ఆస్పత్రికి తెమ్మని డాక్టరు గారు జీపు పంపితే నూకాలుని ఎక్కనివ్వలేదు.
"నువ్వు రాపోతే మా అత్త తలుపు తియ్యదు నర్సమ్మా."
ఒక్క క్షణం — పోతే పోనీ, అనిపించింది. నూకాలు గురించే అనుకున్నాను అలా. నా మీద నాకే భయమేసింది.
అక్క నన్ను లోపలికి పిలిచింది. "ఇప్పుడు నువ్వు ఎల్తే, ఆ కొత్త పిల్లని ఇంకెప్పుడూ రానివ్వరు. నీకింక సెలవన్నది ఉండదు." మరి వెళ్లకపోతే అన్నాను. అక్క నా సంచీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.
బస్సుకి ఇంకా కాస్త టైముంది. చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఏమీ అడక్కుండానే అతను నా సంచీ భుజాన వేసుకుని వీధిలో నిలబడ్డాడు.